తాలు కాయ మన రోలుకు రావద్దు

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈసారి మమ్మల్ని ‘కొత్త పరిశోధనలు – మన జీవనోపాధి’ అనే విషయం మీద మాట్లాడమన్నరు. ఆహార శాస్త్రం, ఇంజినీరింగు, వ్యాపారం, వైద్యం, నాలుగూ రావాలన్నరు. వినంగనే మాకు చెమటలు పట్టినయి. మా సంఘంల ఎక్కువ చదివింది పదో తరగతి. ఈ నాలుగు చదువులు నాలుగు కాలేజీలల్ల ఉంటయి. కానీ కూసొని ఆలోచన చేస్తే ఒకటి సమజైంది. కాలేజీలల్ల అవి వేరు వేరు గావచ్చు. మన మిర్చి కల్లంల మాత్రం నాలుగూ ఒక్క కాయ మీదికే వస్తయి. అందుకని మేము ఈ రోజు ఒక్క ఎండు మిరపకాయ గురించే మాట్లాడుతం.

ముందుగాల మా సంఘంల జరిగింది చెప్తం. ఇది గొప్ప కోసం చెప్పేది కాదు, మా తప్పు చెప్పుకునుడే.

మూడేండ్ల కింద మేము పది మందిమి కలిసి కారం వ్యాపారం మొదలు పెట్టాలనుకున్నం. లోన్ పైసలతోని రెండు క్వింటాళ్ల ఎండు మిర్చి కొన్నం. క్వింటాకు 15 వేలు, మొత్తం 30 వేలు. మార్కెట్ రేటు కంటే జర తక్కువకే దొరికిందని సంబురపడ్డం. కాయ మెత్తగ ఉన్నది. పట్టుకుంటే వంగుతున్నది గని విరుగుతలేదు. ‘రెండు ఎండలు కొడితె అదే సాపైతది’ అనుకున్నం. తెచ్చిన మరునాడే మొగులు పట్టింది. చినుకులు పడ్డయి. బస్తాలు మూతి కట్టి ఇంట్ల గోడకు ఆనిచ్చి పెట్టినం. ఎనిమిది రోజులకు విప్పితే ముక్కుకు ముతక వాసన కొట్టింది. పైకి కాయ ఎర్రగనే ఉన్నది. చీరి చూస్తే లోపల గింజల మీద బూజు.

ఆ రోజు రాత్రి మా సంఘంల పెద్ద లొల్లి అయింది. ఒకరు అన్నరు, ‘తొడిమలు తీసి, ఇంకో క్వింటా మంచి కాయ కలిపి గిర్నీల పట్టిద్దాం. పొడి అయినంక ఎవలకు తెలుస్తది?’ ఇంకొకరు, ‘తాలు రేటుకు ఇచ్చేద్దాం, కొనెటోళ్లు కొంటరు’ అన్నరు. ఇద్దరు ఏడ్చినరు. 30 వేలు మాకు చిన్న పైసలు కావు. అప్పుడు మాలో పెద్ద వయసు ఉన్న పెద్దమ్మ ఒక్క మాట అడిగింది. ‘ఈ కారం మన మనుమరాలి కూరల ఏస్తమా, ఏయమా? ఏయం గదా. మరి అవతలోళ్ల మనుమరాలి కూరల ఎట్ల ఏస్తం బిడ్డా?’

జవాబు చెప్పెటోళ్లు లేకపోయిరి. మరునాడు చెల్కల గుంత తీసి రెండు క్వింటాళ్లు పూడ్చినం. మేకలు, కోళ్లు ముట్టకుంట మీద ముండ్లకంప ఏసినం. మిత్తి కాక అసలు 30 వేలు, పది మందిమి తలా నెలకు 250 రూపాయల చొప్పున ఏడాది పొడుగూతా కట్టినం. ఇండ్లల్ల మాటలు పడ్డం. ‘తెలివి తక్కువ పని చేసినరు, కలిపి అమ్మితే అయిపోయేది’ అని ఊర్లె కూడా అన్నరు. మేము చేసింది మంచిదా, పిచ్చిదా అని మాకే చాన రోజులు అనుమానం ఉండె. ఆ అనుమానం తీరేదాక అడుగుతనే ఉన్నం. అడిగి తెలుసుకున్నయి మీ ముందర పెడుతున్నం.

మొదలు వైద్యం సంగతి.

1960ల ఇంగ్లండు దేశంల లక్ష దాక టర్కీ కోళ్లు ఒక్కతీరుగ చనిపోయినయి. ఏ రోగమో డాక్టర్లకు సమజు కాలేదు. ఆఖరికి తేలిందేందంటే, వాటికి పెట్టిన దాణాల పల్లి పిండి ఉన్నది, ఆ పిండికి బూజు పట్టి ఉన్నది. ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది తయారు చేసే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టినరు. బూజు వేరు, విషం వేరు. బూజును దులిపినా, కడిగినా, అది వదిలిన విషం కాయలనే ఉంటది.

ఇంగ్లండు కోళ్ల సంగతి మనకెందుకు అనుకోవద్దు. 1974ల మన దేశంలనే గుజరాత్‌ల పంచమహల్, రాజస్థాన్‌ల బాన్స్‌వాడా జిల్లాలల్ల మక్కలే తిండిగా బతికే గిరిజన పల్లెలల్ల పసిరికలు లేచినయి. కడుపుల నీరు పట్టి మనుషులు పోయినరు. ఊర్లల్ల కుక్కలు కూడా అట్లనే చచ్చినయి. మన హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పోయి చూసినరు. కృష్ణమాచారి గారు, ఆయనతోని పనిచేసినోళ్లు రాసిన లెక్క 1975ల లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికల అచ్చయింది. 397 మందికి రోగం వస్తే 106 మంది చనిపోయినరు. కారణమేంది? కోత టైముల రాని కాలం వాన పడ్డది. తడిసిన మక్కలు సరిగ ఎండలేదు. బూజు పట్టినయి. వేరే తిండి లేక వాటినే తిన్నరు. మనుషులు తిన్నదే కుక్కలకూ పెట్టినరు.

అక్కలారా, ఇండ్ల మన ఊరికి కొత్తది ఏమన్న ఉన్నదా? కోత టైముల వాన మనకు తెల్వదా? తడిసిన మక్కలు రోడ్డు మీద ఆరబోసుడు తెల్వదా? మంచియి అమ్మి, ఖరాబైనయి ఇంటికి ఉంచుకునుడు తెల్వదా?

ఒక్క పూట తింటే ఏమీ కాకపోవచ్చు. మక్కలు, బియ్యం కంచం నిండ తింటం, కారం చెంచాడే తింటం. కాబట్టి ఎవలూ భయపడి ఇంట్ల కారం పారబోయద్దు. కానీ కారం పొద్దుగాల, మాపటికి, పుట్టిన కాడి నుంచి పోయేదాక తింటం. రోజూ కొంచెం కొంచెం పోయే విషం పని చేసేది లివర్ మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లటాక్సిన్‌ను మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని గట్టి రుజువు ఉన్న మొదటి వర్గంల పెట్టింది. హెపటైటిస్ బి అనే కామెర్ల వైరస్ ఒంట్ల ఉన్నోళ్లకు ఈ విషం తోడైతే లివర్ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతది. అందుకే పుట్టిన బిడ్డకు 24 గంటల లోపల వేసే హెపటైటిస్ బి టీకా తప్పియ్యద్దు. అది సర్కారు దవాఖానల ఫిరీగనే ఇస్తరు. కోడండ్లు, బిడ్డలు కాన్పుకు పోయినప్పుడు ఇది గుర్తు పెట్టుకొని అడగాలె.

ఇంకొకటి. బూజు పట్టిన మక్కలు మనం తినం, ‘బర్రెకు పెడితె ఏమైతది’ అంటం. బర్రె తిన్న విషం కొంత రూపు మారి పాలల్ల దిగుతది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

ఇప్పుడు ఆహార శాస్త్రం ఏమంటదో చూద్దాం. అది చెప్పే ముచ్చట అంతా ఒక్క మాటల ఉన్నది: నీళ్లు.

తోటల తెంపిన పండు మిరపకాయల నూటికి 65 నుంచి 80 పాళ్లు నీళ్లే. ఎండినంక 11 పాళ్లు మించి ఉండద్దని మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. కారం పొడికి కూడా అంతే. 100 కిలోల పండు కాయల 75 కిలోలు నీళ్లున్నయనుకుంటే, 10 పాళ్ల తేమ వచ్చేదాక ఎండబెడితె మిగిలేది 28 కిలోల లోపే. అంటే 72 కిలోల నీళ్లు ఎండ, గాలి ఎత్తుకపోవాలె. అది ఎంత జల్ది పోతే అంత మంచిది. ఆలస్యమైన కొద్దీ బూజుకు దినాలు ఇచ్చినట్టే. బూజుకు కావలసింది తడి, వేడి. మన ఫిబ్రవరి, మార్చి నెలల వేడి దానికి మస్తు సరిపోతది. మనం తడి ఒక్కటే ఇయ్యకుంట ఆపగలం.

కారం వండితే, వేయిస్తే విషం చస్తదని కొందరు అంటరు. చావదు. మన పొయ్యి మీది వేడికి అఫ్లటాక్సిన్ విరగదు. పొడి పట్టిస్తే పోతదా? పోదు, దాసుకుంటది. కాయగ ఉన్నప్పుడు ఏరి పారేయవచ్చు. గిర్నీల పడ్డంక చెడ్డ కాయను మంచి కాయల నుంచి దేవుడు కూడా వేరు చేయలేడు. ఆ రోజు మేము కలిపి పట్టిస్తే రెండు క్వింటాళ్లతోని అయ్యేది కాదు, మూడు క్వింటాళ్లు ఖరాబయ్యేది.

తాలు కాయ గురించి కూడా సరిగ తెలుసుకోవాలె. తెల్లబడ్డ ప్రతి కాయా విషం కాదు. ఎక్కువ ఎండకు రంగు పోయిన కాయ ఉంటది, తోటల పురుగు, తెగులు వల్ల పాలిపోయిన కాయ ఉంటది. కానీ పగిలిన కాయ, పురుగు తొలిచిన కాయ, వానకు తడిసి మచ్చ పట్టిన కాయలనే బూజు మొదలు దూరుతది. అటువంటివన్నీ చేరేది తాలు కుప్పలకే. ఆ కుప్ప ఎటు పోతున్నది? మంచి కాయ మార్కెట్‌కు, తాలు కాయ మన రోలుకు. కూలికి పోయిన కాడ ‘ఇంట్లకు తీస్కపో’ అని ఇస్తే సంబురంగ కొంగుల కట్టుకొని వస్తం. సంతల తక్కువ రేటుకు కొనేది కూడా కూలోళ్లమే. కష్టం చేసి పండించి, ఏరి, ఎండబెట్టిన మనమే ఖరాబు కాయ తిందామా? ఇది మేము ఈ సభల గట్టిగ అడగదలుచుకున్న మాట.

కంటికి కనిపించే బూజు ఉంటే పారేయాలె. కనిపించకపోతే విషం లేదని గ్యారంటీ లేదు. అది పరీక్షల్నే తేలుతది. పటాన్‌చెరు కాడ ఉన్న ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పల్లికాయలల్ల అఫ్లటాక్సిన్ ఉన్నదో లేదో పొలం దగ్గరనే పావుగంటల చూపే చిన్న పరీక్ష పట్టీ తయారు చేసినరు. మన దేశంల మసాలా దినుసులకు కిలోకు 30 మైక్రోగ్రాములు మించొద్దని నిబంధన. ఐరోపా దేశాలల్ల ఎండు మిర్చికి 10 మైక్రోగ్రాములే. మైక్రోగ్రాము అంటే ఎంతనో మాకు సమజు కాక లెక్క కట్టినం. పది వేల క్వింటాళ్ల మిర్చిల 10 గ్రాముల విషం, అంటే రెండు చెంచాలు. అది దాటితే ఐరోపాకు మన సరుకు పోదు. అంత సన్నపు విషయం ఇది. కంటి చూపుతోని, ముక్కు వాసనతోని తేల్చేది కాదు.

తాలు ఏరాలె, తొడిమ తీయాలె అంటున్నం. ఆ పని చేసేది ఎవలు? మనమే. రాత్రి చేతులు మంట మండి నిద్ర పట్టదు. ఆ మంట మీద కూడా పెద్ద పరిశోధన జరిగింది. అమెరికాల డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త మిరపకాయల మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థాన్ని పట్టుకొని, మన నరాలకు వేడి ఎట్ల తెలుస్తదో 1997ల కనిపెట్టిండు. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకునే ద్వారం నరాల కొసలకు ఉంటది. మిరప ఘాటు తగిలినా అదే ద్వారం తెరుచుకుంటది. అందుకే చెయ్యి నిజంగ కాలకపోయినా కాలినట్టే అనిపిస్తది. దీనికి 2021ల ఆయనకు ఇంకొక శాస్త్రవేత్తతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నొప్పికి కొత్త మందులు కనిపెట్టేటోళ్లకు ఆ పని దారి చూపెట్టింది.

మనకు పనికొచ్చే సంగతి ఇది: ఆ ఘాటు నీళ్లల్ల కరగదు, నూనెల కరుగుతది. కాబట్టి చేతులు మండితే ఉత్త నీళ్లతోని కడిగి లాభం లేదు. ముందు మంచినూనె రాసి, బట్టతోని తుడిచి, తర్వాత సబ్బుతోని కడగాలె. నోరు మండితే నీళ్లకంటే పెరుగు, పాలు మంచిగ పని చేస్తయి. కంట్ల పడితే మాత్రం నూనె పెట్టద్దు, చల్లటి మంచినీళ్లతోని చానసేపు కడగాలె. చంటిపిల్లల తల్లులు మిర్చి పనికి పోతే ఇంటికి రాంగనే పిల్లను ఎత్తుకోవద్దు. చేతి తొడుగులు, మూతికి గుడ్డ పెట్టుకునుడు సోకు కాదు, అక్కర.

మూడోది ఇంజినీరింగు. పేరు పెద్దదే గని మన పనిల అది ఎండబెట్టుడే.

మనం మట్టి కల్లంల ఎండబెడితె కింద నుంచి నేల తేమ ఎక్కుతది, దుమ్ము, పిట్టల రెట్ట, కుక్కల కాళ్లు తగులుతయి. వారం నుంచి రెండు వారాలు పడుతది. ఖర్చు లేని మార్పులు ముందు చేద్దాం. సిమెంటు గచ్చు మీదనో, శుభ్రమైన టార్పాలిన్ మీదనో పలుచగ పోయాలె. పొద్దుకు రెండు మూడుసార్లు తిరగేయాలె. మాపటికి కుప్ప చేసి కప్పాలె, పొద్దుగాల మంచు ఆరినంకనే విప్పాలె. పగిలినయి, మచ్చ పడ్డయి ఎండబెట్టక ముందే ఒకసారి, ఎండినంక ఒకసారి ఏరాలె. నేలకు ఎత్తున జాలీ మంచె కడితె కాయకు కింద మీద రెండు దిక్కులా గాలి తగిలి ఇంకా జల్ది ఎండుతది.

దానికంటే మీది మెట్టు సోలార్ డ్రయ్యరు. ఇది మంత్రం కాదు. తెల్లటి దళసరి కవరుతోనో, అద్దంతోనో మూసిన గది. ఎండ లోపలికి వస్తది, వేడి బయటికి పోదు. వేడెక్కిన గాలి కాయల తేమను పట్టుకుంటది. మీద ఉన్న సందు నుంచో, చిన్న ఫ్యానుతోనో ఆ తడి గాలిని బయటికి పంపిస్తే అయిపోతది. తడి గాలి పోయే తొవ్వ పెట్టకపోతే మాత్రం అది డ్రయ్యరు కాదు, బూజు పెంచే గది. దుమ్ము పడది, చినుకు పడ్డా భయం లేదు, రంగు తొందరగ పోదు. మొగులు ఉన్న రోజు దాని పని కూడా తగ్గుతది, అది కూడా తెలిసి ఉండాలె. మహారాష్ట్రల ఎస్4ఎస్ అనే సంస్థ సోలార్ డ్రయ్యర్లు పల్లెల ఆడోళ్ల చేతికి ఇచ్చి కూరగాయలు ఎండబెట్టిస్తది. ఆ పనికి 2023ల ఎర్త్‌షాట్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అక్కడ మిషన్ నడిపేది మనలాంటి ఆడోళ్లే. వాళ్లకు చేతనైంది మనకెందుకు చేతగాదు?

ఎండిందా లేదా ఎట్ల తెలుసుడు? మన పెద్దోళ్లు కాయ ఊపితె గింజ గలగలమనాలె అంటరు. అది మంచి పరీక్షే. కానీ అది 10 పాళ్లా, 14 పాళ్లా అని చెప్పలేదు. తేమ మిషన్ చెప్తది. ఆ మిషన్ అవతలోళ్ల చేతుల ఉంటే వాళ్లు చెప్పిందే తేమ. మన చేతుల ఉంటే మనం చూసిందే తేమ. ఎండినంక బస్తాలు నేల మీద కాకుండ చెక్కల మీద, గోడకు జరిపి పెట్టాలె. బూజు పట్టిన పాత గోనె సంచులల్ల కొత్త కాయ పోయద్దు.

ఆఖరుది వ్యాపారం. ఇక్కడ మేము ఒక నిజం ఒప్పుకోవాలె. ‘మంచిగ ఎండబెట్టాలె’ అని చెప్పుడు అల్కగనే ఉంటది. రైతు ఎందుకు ఎండబెట్టడు? లెక్క చూద్దాం. ఒక క్వింటా కాయల 20 పాళ్లు తేమ ఉన్నదనుకుందాం. రేటు 15 వేలు అనుకుందాం. అట్లనే అమ్మితే 15 వేలు వస్తయి. 10 పాళ్లకు ఎండబెడితె క్వింటా కాయ 88.9 కిలోలైతది. అదే రేటుకు అమ్మితే 13,335 రూపాయలే. కష్టం చేసి ఎండబెట్టినందుకు 1,665 రూపాయలు నష్టం! ఎండిన కాయకు క్వింటాకు 16,875 రూపాయలు ఇస్తెనే లెక్క సమానమైతది. అందుకే కొందరు బస్తా కట్టే ముందర నీళ్లు చల్లుతరు. కాయ విరగద్దని ఒక సాకు, తూకం పెరగాలని ఇంకో సాకు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఎండిన కాయకు ఎక్కువ రేటు ఇచ్చే బేరం లేకపోతే ఎవలైనా అంతే చేస్తరు.

ఒక్క రైతు ఆ బేరం చేయలేడు. సంఘం చేయగలదు. పది బస్తాలు తేమ చూసి, తాలు ఏరి, ఒక్క తీరుగ కట్టి ‘ఇది 10 పాళ్ల కాయ’ అని చూపెడితె అడిగే హక్కు వస్తది. లేకపోతే అమ్ముడే మానేసి మనమే కారం పట్టించి అమ్మాలె. అప్పుడు తేమ తగ్గితే నష్టం కాదు, కారం నిలువ ఉంటది, గడ్డ కట్టది, కొన్నోళ్లు మళ్ల వస్తరు.

పేరు అంటే ఏందో మన పక్కనే చూసినం. వరంగల్ చపాటా మిర్చికి, అదే మనం టమాటా మిర్చి అంటమే, దానికి 2025ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిమ్మంపేట మిర్చి రైతుల కంపెనీ దరఖాస్తు పెట్టింది, మన మహబూబాబాద్ జిల్లా మల్యాలల ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం తోడ్పడ్డది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండుడే దాని గొప్ప. పేరు వచ్చుడు ఒక ఎత్తు, నిలుపుకునుడు ఒక ఎత్తు. పేరు పోతే ఎట్లుంటదో కూడా చూడండి. 2005ల బ్రిటన్‌ల ఒక సాసుల వాడిన కారంల సూడాన్ అనే రంగు దొరికింది. అది బట్టలకు, మైనానికి వేసే రంగు, తిండిల వాడద్దు. ఆ ఒక్క కారం పోయిన 400కు పైగా తిండి వస్తువులను దుకాణాల నుంచి వాపస్ తీసుకున్నరు. కారంల చేసిన కల్తీ ఎంత దూరం పోతదో దీన్ని బట్టి చూడాలె. ఇంట్ల ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గ్లాసు నీళ్ల మీద చెంచాడు కారం చల్లాలె. రంగు గీతలు గీతలుగ కిందికి దిగితే అనుమానపడాలె. అడుగున గరుకు పొడి పేరుకుంటే ఇటుక పొడేమో చూడాలె.

పైసల సంగతి. 2020ల మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంల, ఆహార వ్యాపారం చేసే సంఘం సభ్యురాలికి 40 వేల దాక మూల పెట్టుబడి, యూనిట్ పెట్టుకుంటే ఖర్చుల 35 శాతం, 10 లక్షలు మించకుండ సబ్సిడీ అని పెట్టినరు. ఇప్పటి నిబంధనలు ఏపీఎం సారును అడిగి, మన స్త్రీనిధి, బ్యాంకు లింకేజీతోని కలిపి ఆలోచన చేయాలె. ప్యాకెట్ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు లేకుండ అమ్మద్దు.

మేము మళ్ల మొదలు పెట్టినం. ఈసారి సంచి మూతి విప్పి, కాయ విరిచి చూసి, మెత్తగుంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దన్నం. ఒక్కసారి 50 కిలోలకు మించి కొంటలేం. తాలు ఏరి పక్కకు పెట్టి, బూజు ఉన్నది గుంతల ఏస్తున్నం. లాభం చిన్నదే. కానీ మా ఇండ్లల్ల తినేది, బయట అమ్మేది ఒక్కటే డబ్బా కారం. ఇది మేము ధైర్యంగ చెప్పగలం.

సమాఖ్యకు మా విన్నపాలు మూడు.

ఒకటి. ప్రతి గ్రామ సంఘానికి ఒక తేమ మిషన్, పది టార్పాలిన్ కవర్లు ఉమ్మడిగ కొనాలె. ఎవల కల్లం కాడ పని ఉంటే వాళ్లు కిరాయి ఇచ్చి తీస్కపోవాలె. ఆ కిరాయే వాటి మరమ్మతుకు పనికొస్తది. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం నుంచి వచ్చి ఎండబెట్టుడు మీద ఒక్క రోజు శిక్షణ ఇయ్యమని సమాఖ్య లెటరు పెట్టాలె.

రెండు. మన సంఘాల సభ్యులం ఎవలమూ కూలి కింద తాలు కాయ తీసుకోవద్దు. కూలి పైసలల్ల తీసుకుందాం, లేదా మంచి కాయ తీసుకుందాం.

మూడు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ రోజు రెండు క్వింటాళ్లు గుంతల పోసినప్పుడు మేము పది మందిమే మోసినం. ఇంకో సంఘానికి అదే కష్టం వస్తే? 250 రూపాయలు కట్టలేని అక్క ఆ సంఘంల ఉంటే? ఆమె కలిపి పట్టిద్దామనే అంటది. ఆమె చెడ్డది కాదు, ఆమె మీద కిస్తీ ఉన్నది. నిజాయితీ ఒక్క సంఘం మీదనే బరువైతే అది ఎక్కువ దినాలు నిలువది. అందుకని సమాఖ్య లాభంల నుంచి ప్రతి సంవత్సరం కొంత తీసి ఒక నిధి పెట్టాలె. సరుకు ఖరాబైందని సీసీ, గ్రామ సంఘం ఓబీలు వచ్చి చూసి, వాళ్ల కండ్ల ముందర పూడ్చిపెట్టిన సంఘానికి, నష్టంల సగమన్న ఆ నిధి నుంచి ఇయ్యాలె. అప్పుడు ఏ సంఘం కూడా చెడ్డ కాయను గిర్నీకి తీస్కపోదు.

పరిశోధన పెద్ద ఊర్లల్ల జరుగుతది. అది మన కాడికి వచ్చి ఆగేది ఈ ప్రశ్న మీదనే: నష్టం ఎవలు మోయాలె? శాస్త్రవేత్తలు విషం ఎట్ల పుడుతదో చెప్పినరు, ఎట్ల ఆపాలెనో చెప్పినరు. నష్టం పంచుకునుడు మాత్రం వాళ్లు చెప్పలేరు. అది మనకు తెలిసిన పని. పొదుపు పంచుకున్నం, అప్పు పంచుకున్నం, ఇది కూడా పంచుకుందాం.

మా పెద్దమ్మ ఈ రోజు సభల వెనుక వరుసల కూసున్నది. పేరు చెప్పద్దన్నది, చెప్తలేం. ఆమె అడిగిన ప్రశ్ననే మీకు అప్పజెప్పి సెలవు తీసుకుంటున్నం. గిర్నీ కాడ డబ్బా దించే ముందర ఒక్కసారి అడుక్కోండి: ఇది మన మనుమరాలి కూరల ఏస్తమా?